సందేహాలు – సమాధానాలు: మారువేషమా, ఎరవు మొగమా?

ప్రశ్న (అనంతపురం నుంచి ఒక పాఠకురాలు): నేనొక నవల రాస్తున్నాను. కొండల మధ్య ఒక కల్పిత రాజ్యం. అక్కడి పేరున్న ఇండ్లవాళ్ళు తమ స్థాయికి తగని పని చేయాల్సి వస్తే, అంటే శత్రువును క్షమాపణ అడగాలన్నా, కూలికి పోవాలన్నా, మెడలో నీలం దారం వేసుకొని, వేరే పేరు పెట్టుకొని, ఆ పని అయ్యేంతవరకు వేరే మనిషిగా ఉంటారు. ఊరందరికీ ఆయన ఎవరో తెలుసు. అయినా ఎవరూ పాత పేరుతో పిలవరు. దారం తీసేశాక ఆ పని గురించి ఆయన దగ్గర ఎత్తరు. దీన్ని నేను ‘మానభంగం కాకుండా ఉండేందుకు అతడు మారువేషంలో శత్రువు ఇంటికి వెళ్ళాడు’ అని రాశాను. మారువేషం తప్పని, ‘తాత్కాలిక వ్యక్తిత్వం’ అనాలని నా స్నేహితురాలు అంటోంది. ఏది సరి? వేషం ‘వేయడమా’, ‘కట్టడమా’? దారం వేసుకున్న మనిషిని సొంత తమ్ముడు ఏమని పిలవాలి?

సమాధానం: ఆ వాక్యంలో ముందు మార్చాల్సింది ‘మానభంగం’ అమ్మా. పాత కావ్యభాషలో మానభంగం అంటే అభిమానానికి దెబ్బ తగలడమే. మానం అంటే అభిమానం, ఆత్మగౌరవం. కానీ ఈ కాలంలో పత్రికల్లోనూ పోలీసు కేసుల్లోనూ ఆ మాట స్త్రీల మీద జరిగే అత్యాచారానికే స్థిరపడిపోయింది. మొదటి పేజీలో అది కనపడితే చదివేవాళ్ళ మనసు ఇంకెక్కడికో పోతుంది.

మరి ఏ మాట వాడాలి? మానం మనిషి లోపల ఉండేది. ఎవరూ చూడకపోయినా అది దెబ్బ తింటుంది. పరువు నలుగురిలో ఉండేది. ‘నలుగురిలో పరువు తీసినాడు’ అంటాం. అందులోంచి నలుగురినీ తీసేస్తే ఆ మాటకు బలమే లేదు. మీ రాజ్యంలో జనం కాపాడుకుంటున్నది పరువు. ‘పరువు పోకుండా’ అని రాయండి, చాలు. ‘మర్యాద’ను మాత్రం నాయకుడికి వాడకుండా ఊరివాళ్ళ కోసం దాచుకోండి. సంస్కృతంలో మర్యాద అంటే హద్దు, గట్టు. తెలిసి కూడా పాత పేరుతో పిలవకుండా ఉన్నారే, ఆ హద్దులో నిలబడడమే వాళ్ళ మర్యాద.

ఇక మారువేషం. మీ స్నేహితురాలు కాదనడం సరైనదే. మారువేషం పని ఇతరులకు తెలియకుండా దాచడం. విరాటుని కొలువులో ధర్మరాజు కంకుభట్టు, భీముడు వలలుడు, అర్జునుడు బృహన్నల, ద్రౌపది సైరంధ్రి. ఎవరైనా గుర్తుపట్టారా, మళ్ళీ 12 ఏళ్ళ అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం. దాచడమే వాళ్ళకు ప్రాణం. ఆ కథలోనే మీకు పనికొచ్చే ఘట్టం ఒకటుంది. ఉత్తరకుమారుడు గెలిచాడని విరాటుడు పొంగిపోతుంటే, కంకుభట్టు బృహన్నలను పొగుడుతాడు. విరాటుడు కోపంతో పాచికలు విసిరి ముఖం మీద కొడతాడు. ముక్కు నుంచి కారిన నెత్తురు నేల మీద పడకుండా సైరంధ్రి పాత్రలో పడుతుంది. బృహన్నలను అప్పుడే లోపలికి రానివ్వొద్దని ధర్మరాజు ద్వారపాలకుడి చెవిలో చెబుతాడు. యుద్ధంలో కాకుండా తన ఒంటి మీద నెత్తురు కళ్ళజూసినవాణ్ణి అర్జునుడు బతకనివ్వడు, అది అతని వ్రతం. దెబ్బ తగిలింది కంకుభట్టుకు. నెత్తురు మాత్రం ధర్మరాజుది. మారువేషం ముఖాన్ని కప్పుతుందే గానీ అవమానాన్ని ఆపదు, అది లోపలి మనిషిని తాకుతుంది. మీ ఊళ్ళో అలా కాదు కదా. దారం వేసుకున్నవాడికి జరిగింది దారంతోనే పోతుంది. ఇంత తేడా ఉన్నప్పుడు ఆ మాట ఇక్కడ ఇమడదు.

‘తాత్కాలిక వ్యక్తిత్వం’ కూడా వద్దు. తెలుగులో వ్యక్తిత్వం అంటే ఇప్పుడు మెచ్చుకోలు మాట. ‘ఆయనకు వ్యక్తిత్వం ఉంది’ అంటే నిలకడ, నీతి ఉన్నాయని అర్థం. దానికి ‘తాత్కాలిక’ తగిలిస్తే పూటకో మాట మార్చేవాడని తిట్టినట్టు ఉంటుంది. మీ మనుషులు అలాంటివాళ్ళు కారు.

వేషం వేయడం, కట్టడం రెండూ సరైనవే. నాటకంలో వేషం వేశాడు, వీధినాటకంలోనో పగటివేషాల్లోనో వేషం కట్టాడు అనడం మనవైపు అలవాటు. జాగ్రత్తపడాల్సింది క్రియ దగ్గర కాదు, వచనం దగ్గర. ‘వేషం వేశాడు’ అంటే నిందలేదు. ‘వేషాలేస్తున్నాడు’ అంటే నటిస్తున్నాడు, మోసం చేస్తున్నాడని. ‘కథ చెప్పాడు’, ‘కథలు చెప్తున్నాడు’ మధ్య ఉన్న తేడా లాంటిదే ఇదీ. మీ నవలలో ఇద్దరు ముగ్గురు దారాలు వేసుకొని ఒకేసారి వస్తే బహువచనం తప్పదు, అప్పుడు నింద కూడా వచ్చి చేరుతుంది. అందుకే వేషం అనే మాటనే పక్కన పెట్టమంటాను.

ఊరికంతా తెలిసి, ఊరంతా ఒప్పుకొని ఒక మనిషిని కొన్నాళ్ళు వేరే మనిషిగా చూడడం మనకు కొత్తేం కాదు. అప్పుడు మనవాళ్ళు ఏ మాటలు వాడుతున్నారో గమనిస్తే మీకు దారి దొరుకుతుంది. అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ కన్నతల్లి కూడా కొడుకును ‘స్వామీ’ అనే పిలుస్తుంది. ‘మాలలో ఉన్నాడు’ అంటాం, ‘వేషంలో ఉన్నాడు’ అనం. తద్దినంలో భోక్తలు పితృస్థానంలో కూర్చుంటారు. తండ్రి లేని పిల్లకు చిన్నాయన, చిన్నమ్మ పీటల మీద కూర్చొని కన్యాదానం చేస్తారు. ఆదోని దగ్గర సంతెకుడ్లూరులో హోలీనాడు మగవాళ్ళు చీర కట్టి, నగలు పెట్టుకొని రతీమన్మథుల పూజకు పోతారు. అది వాళ్ళకు మొక్కు తీర్చుకోవడం. మాల, స్థానం, పీట, మొక్కు: ఈ నాలుగు మాటల్లో ఒక్కటి కూడా బట్టల గురించి కాదు, సంతెకుడ్లూరులో బట్టలే మారుతున్నా సరే.

ఒక మాటే మనిషి పరువును మోయడం కూడా ఉంది. ఆదోని, కోసిగి వైపు పల్లెల నుంచి మిరపకోతలకు, పత్తి తీయడానికి గుంటూరు దిక్కు వలసపోయేవాళ్ళను ‘సుగ్గికి పోయినారు’ అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం. సొంతూర్లో నాలుగెకరాలున్న రైతు కూడా వానల్లేని ఏడు అక్కడికి పోయి కూలి చేస్తాడు. తిరిగొచ్చాక ‘కూలికి పోయినాడు’ అని ఎవరూ అనరు. సుగ్గి అనే మాట విన్నప్పుడల్లా ఆ పల్లెల మీద నాకు గౌరవం పెరుగుతుంది.

మా అవ్వ దగ్గర నేను చూసింది ఒకటి చెప్పాలి. నా చిన్నప్పుడు, ఎండాకాలం చివర్లో, దీపాలు పెట్టే వేళకు ఒకాయన మా ఇంటికి వచ్చేవాడు. ఒకప్పుడు ఆయన ఇంట్లో గాదెలు నిండుగా ఉండేవి. గడప బయటే నిలబడి ‘మా పక్కింటోళ్ళు రెండు పడులు జొన్నలు బదులు అడగమన్నారు పెద్దమ్మా’ అనేవాడు. ఆ పక్కింట్లో చాన్నాళ్ళుగా మనుషులే లేరు, తాళం వేసి ఉండేది. అవ్వకు అది తెలుసు. అవ్వకు తెలుసని ఆయనకూ తెలుసు. అవ్వ జొన్నలు కొలిచి సంచిలో పోసి ‘వాళ్ళకు చెప్పప్పా, కోతలైనాంక ఇస్తే సాలని’ అనేది. మిగతా రోజుల్లో ఆయన్ను ‘మరిదీ’ అని నోరారా పిలిచే మనిషి, ఆ ఒక్కపూట ‘అప్పా’ అనేది. మరుసటి రోజు బావి దగ్గర కనపడితే మళ్ళీ ‘మరిదీ’. నేనొకసారి ‘ఆ ఇంట్లో ఎవరూ లేరు కదవ్వా’ అన్నాను. అవ్వ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయింది. అంతే. మీ ఉత్తరం చదవగానే ఆ గడప గుర్తొచ్చింది. మీరు కల్పించాననుకున్న ఆచారం నా కళ్ళముందు జరిగిందే. మీ నీలం దారం చేసే పనిని అవ్వ ఒక్క పిలుపుతో చేసింది.

ఇప్పుడు మాటకు వద్దాం. ఇలాంటి ఇరుకులో పడినప్పుడు మనవైపు మనిషి అనే మాట ‘ఏ మొగం పెట్టుకొని పోవల్ల?’ అని. సొంత ముఖంతో పోలేను, పెట్టుకొని పోవడానికి ఇంకో ముఖం కావాలి అన్న ఊహ ఆ నుడికారంలోనే ఉంది. ఇంకొకటి ‘మొగం చెల్లదు’. చెల్లడం నాణేనికి చెప్పే మాట, చెల్లని కాసు అంటాం కదా. నా ముఖం ఆ గడపలో చెల్లని కాసు అని ఆ మనిషి బాధ. మీ రాజ్యంలో జనం చేసేది, చెల్లే ముఖం ఒకటి కాసేపు తెచ్చుకోవడం.

కాసేపు తెచ్చుకొని తిరిగి ఇచ్చేసేదానికి తెలుగులో చక్కని మాట ఉంది, ‘ఎరవు’. అప్పు వేరు, బదులు వేరు, ఎరవు వేరు. డబ్బు తెచ్చుకుంటే అప్పు, దానికి వడ్డీ ఉంటుంది. జొన్నలు తెచ్చుకుంటే బదులు, తిన్న గింజలు తిరిగి రావు కాబట్టి అన్నే వేరే గింజలు కొలిచి ఇస్తాం. పెండ్లికి కాసులపేరు తెచ్చుకుంటే ఎరవు, తెచ్చిన వస్తువునే చెక్కుచెదరకుండా ఇచ్చేయాలి. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అనే సామెత ఈ మాట మీద పుట్టిందే. మీ నాయకుడి కొత్త పేరు సరిగ్గా ఇలాంటిది. పని కాగానే దాన్ని ఇచ్చేయాలి, ఉంచుకోకూడదు. అందుకే ఆ ఆచారానికి ‘ఎరవు మొగం’ అని పేరు పెట్టమని నా సలహా. ‘ముఖం’ అనకుండా ‘మొగం’ అనడానికి కారణముంది. అచ్చతెలుగు మాట పక్కన సంస్కృతపు ముఖం కంటే తద్భవమైన మొగమే చక్కగా కలుస్తుంది. పైగా అది మన రాయలసీమ నోళ్ళలో రోజూ ఆడే మాట. సామెతలో ఎరువు అని ఉన్నా, మీరు ‘ఎరవు’ అనే రాయండి. ఎరువు అంటే ఈ రోజు రైతుకు చేను, యూరియా బస్తా గుర్తొస్తాయి. ఎరవు అనే రూపం కన్నడానికీ దగ్గర, వాళ్ళు తెచ్చుకున్నదాన్ని ‘ఎరవలు’ అంటారు. అనంతపురంలో ఉన్న మీకు అది పరాయిగా వినపడదు.

ఈ మాట పక్కన క్రియలు పెట్టేటప్పుడు జాగ్రత్త. మొగంతో మనకు నుడికారాలు చాలా ఉన్నాయి, అవి అడ్డం వస్తాయి. ‘మొగం మార్చుకున్నాడు’ అంటే కోపగించుకున్నాడని, ‘దించుకున్నాడు’ అంటే సిగ్గుపడ్డాడని, ‘చాటేశాడు’ అంటే తప్పించుకు తిరుగుతున్నాడని. మీకు కావాల్సింది ఇవేవీ కావు. వేసుకునేటప్పుడు ‘ఎరవు మొగం పెట్టుకున్నాడు’, తీసేటప్పుడు ‘ఎరవు మొగం ఇచ్చేశాడు’ అనండి. ‘ఇచ్చేశాడు’ అంటే ఎవరికిచ్చాడు అనే ప్రశ్న వస్తుంది. దానికి జవాబు మీ కథలో ఉంటే ఇంకా బాగుంటుంది. ఆ దారాలు ఎవరి దగ్గర ఉంటాయి? ఏ ముసలమ్మ దగ్గర ఉంటాయి?

చివరిగా తమ్ముడి సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనపడింది ఇదే. తెలుగువాడు ఎదుటిమనిషిని పేరుతో కంటే వరసతో ఎక్కువ పిలుస్తాడు. వరస కలపకుండా మాట కూడా మొదలుపెట్టడు. కాబట్టి పేరు మార్చినంత మాత్రాన మనిషి మారడు, వరస తెగాలి. దారం వేసుకున్న మనిషిని తమ్ముడు ‘అన్నా’ అన్నాడంటే ఎరవు మొగం అక్కడికక్కడే ఊడిపోయినట్టు. కొత్త పేరు పెట్టి ‘అన్నా’ తగిలించినా అంతే. మన సీమలో వరస తెలియని మనిషిని పలకరించేందుకు ‘అప్పా’ ఉంది, ‘సామీ’ ఉంది. ‘ఏమప్పా, యాడికి పోతాండావు?’ అని సొంత అన్నను తమ్ముడు అడగాలి. అడగడానికి ముందు వాడి గొంతు ఒక్క క్షణం ఆగాలి. గౌరవ బహువచనం కూడా అంతే. రోజూ ‘మీరు, వచ్చారు’ అనిపించుకునే పెద్దాయనను, దారం ఉన్నంతసేపు కథ చెప్పే మీరు కూడా ‘వచ్చాడు, కూర్చున్నాడు’ అనే రాయండి. దారం తీసిన వాక్యంలో ‘లేచారు’ అని రాయండి. చదివేవాళ్ళకు మీరు వేరే వివరణ ఇవ్వక్కర్లేదు.

అన్నను కూడా పెద్దాయన అనుకొని, ఈ లెక్కన మీ మొదటి వాక్యాన్ని ఇలా మార్చి చూశాను: ‘పరువు పోకుండా ఎరవు మొగం పెట్టుకొని శత్రువు గడప తొక్కాడు. వాకిట్లో నిలబడ్డ తమ్ముడు ఆయన్ను ఎరిగీ ఎరగనట్టు, ఎవరు గావాలప్పా, అని అడిగాడు.’ ‘ఆయన్ను’ దగ్గర ఆగి నేనే దిద్దుకున్నాను. అక్కడ ‘అతణ్ణి’ అనే ఉండాలి.