తుంటి దగ్గర స్ట్రెస్ ఫ్రాక్చర్ అయిన రన్నర్ మళ్లీ పాత స్థాయికి రాగలదా?

మీ చెల్లెలికి 21 ఏళ్లని, తిరుపతిలో ఉంటూ 5000 మీటర్లు పరుగెత్తుతుందని, తొడ ఎముక మెడ దగ్గర స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే దెబ్బలకు ఎముకలో వచ్చే చీలిక) అని తేలి ఐదు వారాలైందని రాశారు. ఇప్పుడు నొప్పి అసలు లేదంటోంది, రెండు నెలల్లో సెలెక్షన్స్ ఉన్నాయి, పంపమని ఏడుస్తోంది, పంపాలా వద్దా అని మీ ప్రశ్న.

ఈ సెలెక్షన్స్‌కి పంపకండి. మళ్లీ ఆ స్థాయికి వస్తుందా అంటే, వస్తుంది. అదే ఎముక, అదే చోట దెబ్బతిన్నదాన్ని కాబట్టి ఈ రెండు మాటలూ గట్టిగా చెబుతున్నాను. నొప్పి పోయిన ఐదో వారంలో నేనేం చేశానో మీకు చెప్పాలనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మాది పాకాల దగ్గర పల్లె. ఎస్వీ యూనివర్సిటీలో పీజీ చేస్తూ 10,000 మీటర్లు పరుగెత్తేదాన్ని. తెల్లవారుజామున తారకరామ స్టేడియంలో ట్రాక్, ఆదివారాలు అలిపిరి నుంచి జూ పార్కు వైపు లాంగ్ రన్. నా బెస్ట్ 36 నిమిషాల 48 సెకన్లు. 2013 డిసెంబరులో కుడి గజ్జలో నొప్పి మొదలైంది. నరం పట్టిందన్నారు. బామ్ రాసుకుని, గుడ్డ చుట్టుకుని రెండు నెలలు పరుగెత్తాను. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి ఎముకకేం కాలేదని, నొప్పి మాత్రలు వేసుకుని పరుగెత్తమని పంపించారు. తొలి వారాల్లో ఈ చీలిక ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు, ఎంఆర్‌ఐలోనే కనిపిస్తుంది. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు, చెప్పినవాళ్లూ లేరు.

ఫిబ్రవరిలో ఒక శనివారం ఇంటికి పోతున్నాను. బస్సు పూర్తిగా ఆగకముందే దిగడం నాకు అలవాటు. కుడికాలు నేల మీద పడగానే కింద నేల లేనట్టనిపించింది. పక్కనున్న టెంకాయల బండిని పట్టుకుని నిలబడ్డాను. బండాయన స్టూల్ వేసి కూర్చోబెట్టాడు. అరగంట లేవలేకపోయాను.

రాత్రికి నాన్న "పుత్తూరు పోదాం పా" అన్నాడు. మా జిల్లాలో ఎముక విరిగితే ఎవరి నోటైనా మొదట వచ్చే మాట పుత్తూరు కట్టే. మా తాతకి చెయ్యి విరిగినప్పుడు అక్కడే కట్టించారు, బాగయింది కూడా. కానీ తొడ ఎముక మెడ అనేది తుంటి కీలు లోపల, కండరాల కింద ఎక్కడో ఉంటుంది. దాన్ని పైనుంచి ఏ కట్టూ పట్టి ఉంచలేదు. తిరుపతిలో ఎముకల డాక్టర్ ఎంఆర్‌ఐ తీయించి, కాగితం మీద బొమ్మ గీసి నాన్నకు ఇదే చెప్పారు. ఆ మెడకు పైవైపు చీలితే, అడుగు వేసిన ప్రతిసారీ చీలిక రెండు పక్కలకూ సాగి తెరుచుకుంటుంది, స్క్రూలు వేయాల్సి వస్తుంది. కిందివైపు చీలితే బరువు దాన్ని నొక్కుతుంది. చీలిక చిన్నదైతే బరువు పెట్టకుండా ఉంచి మాన్పవచ్చు. నాది కిందివైపు. రెండు చంకకర్రలు, ఆరు వారాలు, కాలి వేలు మాత్రమే నేలకు తాకించాలి.

ఐదో వారానికి నొప్పి పోయింది. సరిగ్గా మీ చెల్లెలు ఇప్పుడున్న చోటు. రాత్రి పక్కకు తిరిగి పడుకున్నా ఏమీ లేదు. ఇంట్లో వాళ్లు లేవకముందు, చెనిక్కాయ చేను గట్టు పక్క బండిదారిలో, కర్రలు వేపచెట్టుకు ఆనించి రెండు వందల మీటర్లు మెల్లగా పరుగెత్తాను. ఏమీ కాలేదు. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది. మర్నాడు నాలుగు వందలు. మూడో రోజు పొద్దున మంచం దిగుతుంటే గజ్జలో అదే పోటు. మళ్లీ ఎంఆర్‌ఐ, మళ్లీ ఆరు వారాల కర్రలు. "ఈసారి ఇంకాస్త తెరుచుకుంటే ఆపరేషనే" అన్నారు డాక్టర్. ఆరు వందల మీటర్ల పరుగుకు నేను కట్టిన మూల్యం అది.

ఎందుకిలా అవుతుందో డాక్టర్ దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నాను. ఎముక రాయి కాదు. పాతబడిన చోట శరీరం ముందు తవ్వుతుంది, తర్వాత పూడ్చి కొత్త ఎముక కడుతుంది. తవ్వడం వారాల్లో అయిపోతుంది, పూడ్చి గట్టిపడడానికి నెలలు పడుతుంది. పరుగులో ప్రతి అడుగుకీ మన బరువుకు రెండు మూడు రెట్ల దెబ్బ నేల నుంచి కాలికి తగులుతుంది. తవ్విన చోటే ఆ దెబ్బలు పడుతూ పోతే చీలిక వస్తుంది. నొప్పి తగ్గిందంటే వాపు తగ్గిందని అర్థం, పూడిక గట్టిపడిందని కాదు. చెరువుకట్టకు గండి పడితే మట్టి వేసి పూడ్చిన రోజే నీళ్లు నింపుతారా? చూడడానికి కట్ట నిండుగానే ఉంటుంది. మీ చెల్లెలి ఎముక ఇప్పుడు ఆ పచ్చి కట్ట. విశ్రాంతి రోజుల కంటే, ఈ నొప్పి లేని రోజుల్లోనే ఎక్కువమంది చెడగొట్టుకుంటారు.

మీ చెల్లెలు మీకు అమెరికా మారథాన్ రన్నర్ జోన్ బెనాయిట్ కథ చెప్పి వాదించవచ్చు, నేనూ మా ఇంట్లో వాదించాను. 1984లో బెనాయిట్‌కు మోకాలికి ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రం గుండా చేసే) ఆపరేషన్ అయింది. పదిహేడు రోజులకే అమెరికా ఒలింపిక్ ట్రయల్స్ మారథాన్ గెలిచింది, ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో మొట్టమొదటి మహిళల ఒలింపిక్ మారథాన్‌నూ గెలిచింది. నిజమే. కానీ ఆమెకు పోయింది ఎముక కాదు, మోకాట్లో అడ్డుపడుతున్న మెత్తటి కణజాలాన్ని తీసేశారు. ఎముక చీలినవాళ్లు ఆ పదిహేడు రోజుల్ని లెక్కలోకే తీసుకోకూడదు.

మీ చెల్లెలు చూడాల్సింది బ్రిటన్ మారథాన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్‌ని. 2003లో లండన్‌లో 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టిన మనిషి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు కొన్ని నెలల ముందు ఆమెకూ తొడ ఎముకలోనే స్ట్రెస్ ఫ్రాక్చర్ అయింది. ఒలింపిక్స్ కదా, వదులుకోలేక పరుగెత్తింది. మధ్యలో ఆగి కాలు సాగదీసుకుని, మళ్లీ మొదలుపెట్టి 23వ స్థానంలో వచ్చింది. అదే ఏడాది నవంబరులో న్యూయార్క్ మారథాన్ గెలిచింది. మనిషి అదే, కాలూ అదే, మధ్యలో రెండున్నర నెలలు. ఆమెలాంటి మనిషికే తొందర కుదరలేదు.

ఇథియోపియా రన్నర్ కెనెనీసా బెకెలె సంగతి నాకు మా హాస్టల్ సీనియర్ చెప్పింది, నేను మంచం మీద ఉన్నప్పుడు. 2010 మొదట్లో పిక్క కండరం చిరిగి దాదాపు రెండేళ్లు ట్రాక్ మీద కనబడలేదు. 2011 ఆగస్టులో డేగు ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో తిరిగి వచ్చి 10,000 మీటర్ల రేసు మధ్యలోనే తప్పుకున్నాడు. అందరూ అయిపోయాడనుకున్నారు. మూడు వారాలు కూడా తిరక్కుండా బ్రస్సెల్స్‌లో 26 నిమిషాల 43 సెకన్లలో గెలిచాడు. సీనియర్ ఈ కథ చెప్పిన ఐదేళ్లకు, 2019లో, బెర్లిన్ మారథాన్‌లో 2:01:41 పరుగెత్తాడు, అప్పటి ప్రపంచ రికార్డుకు రెండే సెకన్లు వెనుక. తిరిగొచ్చిన మొదటి రేసును చూసి ఎవరూ తీర్పు చెప్పకూడదని సీనియర్ మాటలు విన్నప్పుడే నాకు అర్థమైంది. మన సింధు కూడా అంతే. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్ బ్యాడ్మింటన్‌లో ఎడమ చీలమండలో స్ట్రెస్ ఫ్రాక్చర్‌తోనే బంగారు పతకం గెలిచింది, తర్వాత నెలలపాటు ఆటకు దూరమైంది. 2023 జనవరిలో తిరిగి వచ్చిన మలేసియా ఓపెన్‌లో మొదటి మ్యాచే ఓడిపోయింది. ఆ రోజు టీవీ ముందు నేను బాధపడలేదు. ఆ ఓటమి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

ఇక అసలు విషయం. మీరు అన్న కాబట్టి ఈ మాట అడగడానికి మొహమాటపడతారు, అమ్మ చేత అడిగించండి. ఆమెకు పీరియడ్స్ నెలనెలా వస్తున్నాయా?

నాకు ఎనిమిది నెలలుగా లేవు. ట్రైనింగ్ బాగా జరుగుతోందనడానికి అదొక గుర్తు అనుకున్నాను, హాస్టల్లో అందరం అలాగే అనుకునేవాళ్లం. బరువు తగ్గితే టైమింగ్ తగ్గుతుందని చెప్పేవాళ్లు, ప్రతి సోమవారం బరువు చూసేవాళ్లు. పొద్దున పదహారు కిలోమీటర్లు పరుగెత్తి రెండు ఇడ్లీలు తినేదాన్ని, మధ్యాహ్నం అన్నం సగం వదిలేసేదాన్ని. ఎంఆర్‌ఐ చూసిన డాక్టర్ మొదట అడిగింది ఈ ప్రశ్నే. నేను సమాధానం చెప్పగానే పక్కనున్న అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎనిమిది నెల్లుగా రాలేదంటే నాకు చెప్పల్లా వద్దా పాపా?" అని అక్కడే ఏడ్చింది.

చేసే శ్రమకు సరిపడా తిండి లేకపోతే శరీరం ముందుగా నెలసరిని ఆపేస్తుంది. దాంతో ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, ఎముక పలచబడుతుంది, తవ్విన చోట పూడిక పడదు. నేను మంచాన పడ్డ ఆ 2014లోనే అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. మగ రన్నర్లకూ వస్తుంది, వాళ్లలో ఇంత స్పష్టమైన గుర్తు కనబడదు, అంతే. దీన్ని సరిచేయకుండా ఎన్ని నెలలు పడుకోబెట్టినా ఫ్రాక్చర్ మళ్లీ రావచ్చు, ఇంకో కాలికో ఇంకో ఎముకకో. విటమిన్ డి పరీక్ష, ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్ గురించి డాక్టర్‌ని అడగండి. తిరుపతి ఎండలో పెరిగినదాన్ని, నాకు డి తక్కువ ఉండదనుకున్నాను. ఉంది. పరిగెత్తేది చీకట్లో, మిగతా రోజంతా క్లాసుల్లో.

తిండి విషయంలో నన్ను నిలబెట్టింది అమ్మ. ఆమెకు తెలిసింది సంగటి. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం రాగి సంగటి, చెనిక్కాయ ఊరుబిండి, రెండు గుడ్లు, రాత్రి పడుకోబోయే ముందు పాలు. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. కానీ నాకు పని చేసింది రాగుల కంటే, కంచంలో ఏదీ వదలనివ్వకుండా అమ్మ ఎదురుగా కూర్చోవడం. నాలుగు కిలోలు పెరిగాను. ఐదో నెలలో నెలసరి వచ్చింది. నా మటుకు నేను ఎముక మానిన రోజు అదేననుకుంటాను, స్కాన్ తర్వాత వచ్చింది.

రెండోసారి కర్రలు పక్కన పెట్టాక, డాక్టర్ సరేనన్న తర్వాతే మా బావిలో దిగాను. మెట్లున్న దిగుడు బావి. లారీ ట్యూబు నడుముకు కట్టుకుని, కాలు కింద ఆనకుండా నిలువుగా ఉండి నీళ్లలోనే పరుగెత్తడం. తమ్ముడు గట్టు మీద వాచీ పట్టుకుని కూర్చునేవాడు (ఒంటరిగా ఎప్పుడూ దిగనివ్వకండి). మూడు నిమిషాలు జోరుగా, ఒక నిమిషం నెమ్మదిగా, మొత్తం నలభై నిమిషాలు. ఎముక మీద దెబ్బ పడదు, గుండె, ఊపిరి మాత్రం పని చేస్తూనే ఉంటాయి. మీకు తిరుపతిలో స్విమ్మింగ్ పూల్ దొరుకుతుంది. ఆమె ఏడుపు సగం ఆగుతుంది, చూడండి.

తర్వాత నడక. అరగంట చురుగ్గా నడిచినా, మర్నాడు కూడా నొప్పి లేకపోతేనే పరుగు. మొదటి రోజు ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడక, ఆరుసార్లు. రోజు మార్చి రోజు, మట్టి నేల మీద. దూరం పెంచిన వారం వేగం పెంచలేదు. ఆ ఆరు నిమిషాలు నాకు గుర్తున్నంతగా నేను గెలిచిన రేసులు గుర్తులేవు.

నాకు నయమైతే అలిపిరి మెట్లెక్కిస్తానని అమ్మ మొక్కుకుంది. మూడో నెలలోనే బయల్దేరదామంది. మెట్లెక్కేటప్పుడు తుంటి మీద బరువు ఎక్కువ పడుతుందని డాక్టర్ వద్దన్నారు. స్వామి ఎక్కడికీ పోడు, ఎముక కుదిరాక రండి అన్నారాయన. ఏడో నెలలో ఎక్కాం. 3,550 మెట్లు, నాలుగున్నర గంటలు. మోకాళ్ల పర్వతం దగ్గర అమ్మే అలసిపోయి నా భుజం పట్టుకుంది. దిగేటప్పుడు బస్సు. మీ ఇంట్లోనూ ఇలాంటి మొక్కు ఉంటే ముందే మాట్లాడి వాయిదా వేయించండి.

తిరిగొచ్చిన మొదటి రేసులో 39 నిమిషాల 50 సెకన్లు, ఏడో స్థానం. నాకంటే వెనుక ఉండే అమ్మాయిలు ల్యాప్ మీద ల్యాప్ దాటేశారు. రూముకెళ్లి తలుపేసుకున్నాను. ఆ తర్వాతి ఏడాది 36:21 పరుగెత్తాను, పాత బెస్ట్ కంటే 27 సెకన్లు మెరుగు, నాలుగు కిలోల ఎక్కువ బరువుతో. ఆ తొందరపాటు లేకపోతే ఇంకో మూడు నెలల ముందే వచ్చేదాన్ని.

మీ చెల్లెలి ఎంఆర్‌ఐ రిపోర్టులో చీలిక పైవైపా కిందివైపా, మెడ వెడల్పులో ఎంతవరకు ఉంది అని రాసి ఉంటుంది. అది చూసి, సెలెక్షన్స్ సంగతి తేల్చే ముందు అదే డాక్టర్‌కి మళ్లీ చూపించండి. పైవైపు అని ఉంటే మాత్రం వచ్చే వారం దాకా ఆగొద్దు, రేపే వెళ్లండి. ఆమెకు మాట్లాడాలనిపిస్తే నాకు ఇక్కడ మెసేజ్ పెట్టమనండి, రాత్రి తొమ్మిది తర్వాత ఉంటాను.