గంప దించే ముందు

చిట్టీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు బడి క్వార్టర్స్ వెనక గూడు కట్టించావనీ, పెరట్లో పెంచే గ్రామప్రియ రకం కోడిపిల్లలు ఇరవై కావాలని చెప్పావనీ అంది. నాకు నవ్వాగలేదు. మా పుంజు తరిమితే అరుగెక్కి కూర్చుని ఊరంతా వినబడేలా ఏడ్చినదానివి నువ్వు! ఇప్పుడు పంతులమ్మవి, నీ జీతం, నీ పెరడు. సంతోషంగానే ఉందే. కానీ ఆ తర్వాత మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. తోటి టీచరమ్మ ఇచ్చిన రెండు నాటు పెట్టల్లో ఒకటి చీదుతోందట. నువ్వేమో "నాటుకోడికి ఏమవుద్దమ్మా, అదే తగ్గిపోద్ది" అన్నావట. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సరిగ్గా ఆ మాటే నేనూ అన్నాను ఒకప్పుడు. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నా.

ముందు ఆ పెట్టని వేరే గంప కింద మూసెయ్యి. దాని నీళ్ళ మూకుడు దానికే ఉంచు. మేత వేసేటప్పుడు బాగున్నవాటికి ముందు వెయ్యి, దీనికి చివర వేసి చేతులు సబ్బుతో కడుక్కో. కళ్ళు మాత్రం నులుముకోకు. ఇది కొక్కెర అయితే, అంటే కోళ్ళని గుంపులుగా చంపే వైరస్ రోగం అయితే, ఆ పురుగు మన కంటికీ తగులుతుంది. నాకు వారం రోజులు కళ్ళు మిరపపండ్లయ్యాయి.

గూడు ఎలా ఉందో నాకు తెలీదు గానీ, ఒక పని చెయ్యి. పొద్దున్నే తలుపు తీయగానే కోడి ఎత్తున గొంతుక్కూర్చుని గట్టిగా గాలి పీల్చు. ముక్కు ఘాటెక్కితే, కళ్ళల్లో నీళ్ళు తిరిగితే ఊక మార్చాలి, గాలి ఆడేలా పైన కంత పెట్టించాలి. నువ్వు నిలబడి పీలిస్తే ఏమీ తెలీదు, అవి రాత్రంతా ఆ కిందే పడుకుంటాయి. పిల్లల కింద పరిచే ఊక పొడిగా ఉండాలి. తడిసి బూజు పట్టిన ఊక పరిస్తే ఆ బూజు ఊపిరితిత్తుల్లోకే పోయి పిల్లలు ఆయాసంతో చస్తాయి. ఇంకోటి, రోహిణీ కార్తె ఎండకి కోళ్ళు నోరు తెరిచి రొప్పుతాయి. అది రోగం కాదు, నీడా చల్లటి నీళ్ళూ చాలు. చల్లని వేళ నోరు తెరిచిందా, గొంతులో చప్పుడొచ్చిందా, అప్పుడు భయపడు.

ఆ చప్పుడు పగలు వినపడదు. పగలంతా కెక్కెరికోలే కదా. రాత్రి తొమ్మిదింటికి లైటు ఆర్పి గూటి పక్కన కాసేపు నిలబడు. గరగరమని, హుక్కా పీల్చినట్టు వినపడుతుంది.

నేను విన్నది 1995 సంక్రాంతి ముందు. సంతలో ఒక డేగ పుంజుని చూశాను. ఏం నిగనిగలు! మీ పెదనాన్న వద్దంటూనే ఉన్నారు, మొండికేసి కొన్నాను. తెచ్చిన రాత్రే పదకొండు పెట్టల మధ్య వదిలేశా. కొత్త కోడిని మూడు నాలుగు వారాలన్నా వేరే ఉంచాలని నాకెవరు చెప్పారు? చెప్పినా వినేదాన్నా? ఐదో రాత్రి మీ పెదనాన్న "గూట్లో ఎవరే గురక పెడుతోంది" అన్నారు. "పుష్యమాసం చలి, జలుబు చేసుంటుంది, నాటుకోడికి ఏమవుద్ది" అన్నాను. తెల్లారి చూస్తే పుంజు మెడ సాచి, నోరు తెరిచి గాలి కోసం ఎగబీలుస్తోంది. వెల్లుల్లి, మిరియాలు నూరి ఉండ చేసి మింగించాను. సాయంత్రానికి రెండు పెట్టలు ఆకుపచ్చ రెట్ట వేసి తూగుతున్నాయి. మర్నాటికి పుంజుతో కలిపి ఆరు పోయాయి. పక్కింటి అవ్వ తడిక మీంచి చూసి, "కొక్కెర తగిలిందే పిల్లా" అంది.

ఇంకో ఆరు మిగిలాయి, చక్కగా మేత తింటున్నాయి. నాకు మహా తెలివి తన్నుకొచ్చింది. మీ అమ్మ కనిగిరి వైపు కాపురానికి వెళ్ళి అప్పటికి నాలుగు నెలలు. ఆ ఆరింటినీ గంపలో పెట్టి, పైన గోనె కట్టి, ఎర్రబస్సెక్కాను. చచ్చే ఊళ్ళోంచి బతికే ఊళ్ళోకి తీసుకెళ్తున్నాననుకున్నానే, నిజంగా. పైకి బాగున్న కోడి లోపల రోగం మోస్తుంటుందని నాకు తెలీదు. మీ నాయనమ్మ ఎంత సంబరపడిందో! "కొత్త కోడలి పుట్టింటి కోళ్ళు" అని వీధిలో అందరికీ చూపించింది. ఆమెకి ముప్పై దాకా ఉండేవి. గుడ్లమ్మిన డబ్బుతోనే మీ చిన్నత్త కాలేజీ ఫీజు.

పది రోజులకి మీ అమ్మ దగ్గర్నుంచి ఇన్‌లాండ్ లెటరు వచ్చింది. "అక్కా, కోళ్ళన్నీ పోయాయి. పక్కిళ్ళలోవి కూడా. కొన్నిటికి మెడలు మెలిదిరిగిపోయాయి, చూడలేకపోయాను. నీ దగ్గరున్నవి బాగున్నాయా?" అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఇంట్లో తను ఎన్ని మాటలు పడిందో ఇప్పటిదాకా నాకు చెప్పలేదు. రెండేళ్ళ తర్వాత టీకాలు వేయించిన పది పిల్లల్ని పట్టుకుని వెళ్తే, మీ నాయనమ్మ గంపని గేటు దగ్గరే దించమని, "దగ్గుతున్నాయేమో చూశావా" అంది. నవ్వుతూనే అంది. నేను అన్నం తినకుండా బస్సెక్కాను.

అందుకే చెబుతున్నా. గూట్లో ఒక్కటి గురక పెట్టినా నీ పెరట్లోంచి కోడి గానీ గుడ్డు గానీ బయటికి పోకూడదు. తోటి టీచరమ్మకి తిరిగిచ్చేద్దామనుకుంటున్నావేమో, వద్దు. సంతకీ వద్దు. చచ్చినదాన్ని కాలవలో వెయ్యకు, లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చు, కుక్కలు లాక్కుపోతాయి.

రోగమేదో చప్పుడుని బట్టి నువ్వూ నేనూ తేల్చలేం. మొహం వాచి, ముక్కు నుంచి చెడు వాసన వస్తే ఒకటి. వారాల తరబడి గురక, కళ్ళల్లో నురగ, చావులు మాత్రం తక్కువ, అది ఇంకొకటి. ఆ రెండోది తల్లి నుంచి గుడ్డులోకి, గుడ్డులోంచి పిల్లలోకి పోతుంది. తగ్గినట్టు కనపడినా ఒంట్లోనే ఉంటుంది గనక అలాంటి పెట్ట గుడ్లు పొదిగించకు. వీటికి మందులున్నాయి, డాక్టరు చెప్పినన్నాళ్ళు వాడాలి, ఆయన సరేననేదాకా ఆ గుడ్లు తినకూడదు. కొక్కెరకి మాత్రం మందు లేదు. మందుల షాపువాడిచ్చిన యాంటీబయాటిక్ ఆ వైరస్‌ని ఏమీ చెయ్యదు. నా వెల్లుల్లి ఉండ కూడా అంతే! ఆయాసపడే కోడికి బలవంతంగా నూనే, మందూ పోస్తే ఊపిరిగొట్టంలోకి పోయి అప్పుడే చస్తుంది. 1962కి ఫోన్ చెయ్యి, పశువుల అంబులెన్సు వస్తుంది. ఒకేసారి నాలుగైదు హఠాత్తుగా పడిపోయి, తల మీది ఎర్రజుట్టు నీలంగా మారితే ముట్టుకోకు, కోయకు, వెంటనే డాక్టరుకి చెప్పు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ చూశాం కదా.

వచ్చే ఇరవై పిల్లలకి మొదటి వారంలోనే కొక్కెర రాకుండా వేసే టీకా, లసోటా చుక్క, కంట్లో వేయించు. ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ సూది, అదీ కొక్కెర టీకానే. పిల్లలు ఆరు వారాలు దాటకముందు ఆ సూది వేయిస్తే, కాపాడాల్సిన టీకానే కాళ్ళు పడగొడుతుంది. తొందరపడకు. సీసా ఐస్‌లో తేవాలి, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. చిన్న సీసా కూడా చాలా కోళ్ళకొస్తుంది కాబట్టి వీధిలో వాళ్ళందరినీ పిలు. నీ గూడొక్కటే బాగుంటే సరిపోదు, పక్కింటి పుంజుకి నీ తడిక ఒక లెక్కా?

ఆ గంప కింద పెట్టకి రాత్రిపూట గాలి కొట్టకుండా ఒక పక్క గోనె కట్టు. తడిపిన తవుడు పెట్టు, కాస్త మునగాకు కలుపు. తింటుంటే ఆశ ఉంది. పోతే ఏడవకు. సరే, ఏడువు, కానీ పూడ్చేసి, చేతులు కడుక్కుని ఏడువు.

శనివారం పొద్దున బస్సుకి వస్తున్నా. మా కోళ్ళ మధ్య తిరిగే చెప్పులు ఇక్కడే వదిలేసి వస్తా. గేటు దగ్గర ఒక బకెట్ నీళ్ళు, సబ్బు పెట్టి ఉంచు. ఒట్టి చేతులతో వస్తానే తల్లీ, ఊరగాయ తప్ప ఏమీ తేను.

మీ పెద్దమ్మ