స్పైనల్ వార్డులో చేరబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీర్వదించి వ్రాయునది.

వెన్నుపాము దెబ్బతిన్న రోగుల వార్డులో నువ్వు నర్సుగా చేరబోతున్నావని అన్నయ్య చెప్పినప్పటి నుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు. ఆ వార్డును ఎవరూ నీకు అంటగట్టలేదని, అడిగి మరీ తీసుకున్నావని విని ఎంతో గర్వపడ్డాను. ఆ వెంటనే భయమూ వేసింది. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం అలాంటి మంచాల మధ్యే గడిచింది కనుక, ఆ భయం దేనికో నాకు తెలుసు.

చదువులో నేర్పినవి మళ్ళీ చెప్పి విసిగించను. రెండు గంటలకు ఒకసారి పక్క మార్చడం, మడమలు పరుపుకు ఆనకుండా చూడడం, స్పర్శ తెలియని కాళ్ళ దగ్గరకు వేడినీళ్ళ సంచిని రానివ్వకపోవడం, తొలివారాల్లో పిక్క వాచిందేమోనని రెండు కాళ్ళనూ పోల్చి చూడడం నువ్వు ఎలాగూ చేస్తావు.

నేను కోరేది ఇది: డ్యూటీ ఎక్కగానే ప్రతి రోగికీ గాయం ఏ స్థాయిలో ఉందో కంఠతా పట్టు. వెన్నుపాము సుమారు 45 సెంటీమీటర్ల పొడవుండి నడుము పైభాగంలోనే ముగిసిపోతుందని, దాని నుంచి 31 జతల నాడులు వెలువడతాయని పరీక్షలో రాసి ఉంటావు. వార్డులో ఆ లెక్కకు ప్రాణం వస్తుంది. సీ అంటే మెడ భాగం, టీ అంటే ఛాతీ భాగం, పక్కనున్న అంకె అందులో పైనుంచి ఎన్నోదో చెబుతుంది. సీ3, సీ4, సీ5 అంటే ఊపిరి, ఎందుకంటే ఊపిరాడించే కండరమైన డయాఫ్రమ్‌ను కదిలించే నాడి అక్కడి నుంచే బయలుదేరుతుంది. టీ4 అంటే చనుమొనల వరుస, టీ10 అంటే బొడ్డు. టీ6 దగ్గరగానీ అంతకు పైనగానీ గాయమున్న ప్రతి రోగి పేరు కింద ఎర్రగీత గీసుకో. ఎందుకు గీయమంటున్నానో వివరంగా చెబుతాను, తొందరపడకుండా చదువు.

నేను ఉద్యోగంలో కొత్తగా ఉన్న రోజుల్లో ఒక ఆసుపత్రిలో రాత్రిపూట జరిగిన సంగతి ఇది. టీ4 దగ్గర గాయమై, నెలలు గడిచి, చక్రాల కుర్చీలో తిరగడం నేర్చుకుంటున్న ఒక యువకుడు తల పగిలిపోతోందని కేక వేశాడు. ముఖం కందిపోయి, నుదుటి నిండా చెమట పట్టింది. దుప్పటి తీసి చూస్తే కాళ్ళు మాత్రం చల్లగా, పాలిపోయి, రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. డ్యూటీలో ఉన్న వైద్యుడు బీపీ చూశాడు. పై అంకె 150 ఉంది. నొప్పితో ఉన్నవాడికి ఆ మాత్రం ఉంటుందిలే అని నొప్పిమాత్ర వేయించి, తలగడ తీసేసి వెల్లకిలా పడుకోబెట్టమన్నాడు. ఛార్టులో ఒక్క పేజీ వెనక్కి తిప్పి ఉంటే, ఆ అబ్బాయికి రోజూ ఉండే బీపీ 100 కంటే తక్కువేనని కనిపించేది. అలాంటి గాయమున్నవారికి మామూలు బీపీయే తక్కువగా ఉంటుంది. దానిపైన 20 నుంచి 40 వరకు పెరిగిందంటే అప్పటికే ప్రమాదం మొదలైనట్టు. తలనొప్పి తగ్గలేదని అతడు మళ్ళీ మళ్ళీ చెప్పాడు. కాసేపు ఓపిక పట్టమన్నారు. పక్క వార్డు నుంచి ఒక పెద్ద నర్సమ్మ వచ్చి యూరిన్ బ్యాగు ఖాళీగా ఉందేమిటని అడిగి, తొడ కింద మడతపడి నలిగిపోయిన కాథెటర్ గొట్టాన్ని సరిచేసేసరికి మూత్రం ధారగా దిగింది, బీపీ కూడా దిగింది. కానీ అంతకుముందే 220 దాటింది, ఫిట్స్ వచ్చాయి, మెదడులో రక్తస్రావం జరిగిపోయింది. అతడు బతికాడు. మాట పోయింది, కుడి చెయ్యి పడిపోయింది. వెన్నుపాము గాయం వదిలిపెట్టిన ఆ చేతులతోనే అతడు కుర్చీ నడపడం నేర్చుకున్నాడని తలుచుకుంటే, ఇన్నేళ్ళ తరువాత కూడా నాకు దుఃఖం ఆగదు.

మూత్రాశయం నిండినప్పుడు బయలుదేరిన సంకేతాలు గాయం దిగువనున్న సింపథెటిక్ నాడులను, అంటే మన ప్రమేయం లేకుండా రక్తనాళాలను బిగించే నాడులను, రెచ్చగొడతాయి. పొట్టలోనూ కాళ్ళలోనూ రక్తనాళాలు బిగుసుకుని రక్తపోటు ఎగబాకుతుంది. మెడలోని రక్తనాళాల ద్వారా మెదడు దాన్ని పసిగట్టి, వేగస్ నాడితో గుండెను నెమ్మదింపజేస్తుంది, బిగుసుకున్న నాళాలను వదులు చెయ్యమని ఆజ్ఞ పంపుతుంది. ఆ ఆజ్ఞ గాయం దాటి కిందికి వెళ్ళలేదు. అందుకే గాయానికి పైన ఎరుపు, చెమట, ముక్కుదిబ్బడ. కింద పాలిపోయిన చల్లని చర్మం. దీన్ని ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారని నీకు తెలుసు, కానీ పేరు తెలిసినంత మాత్రాన అర్ధరాత్రి అది కంటికి ఆనదు.

అలాంటి రోగి తలనొప్పి అన్నాడంటే ముందు లేపి కూర్చోబెట్టు, కాళ్ళు కిందికి వేలాడనివ్వు. బీపీ పట్టీ ఆ తరువాతే. నడుము బెల్టు, బిగుతు మేజోళ్ళు, బ్యాగుకు కట్టిన పట్టీ వదులు చేసి, శరీరం దగ్గర నుంచి బ్యాగు దాకా గొట్టాన్ని వేళ్ళతో తడిమి చూడు. రెండు నుంచి ఐదు నిమిషాలకు ఒకసారి బీపీ చూస్తూ ఉండు. కాథెటర్ లేకపోతే మత్తు జెల్లీ రాసి వెయ్యాలి. మూత్రం ఖాళీ అయినా తగ్గకపోతే మలబద్ధకం ఉందేమో చూడాలి. అక్కడ కూడా జెల్లీ రాసి, అది పనిచేసేదాకా ఆగకుండా వేలు పెట్టావంటే ఉన్న మంటకు ఆజ్యం పోసినట్టే. ఆపైన చర్మం చూడు: పుండు, గోరుచుట్టు, దుస్తుల మడత, ఏదైనా కారణం కావచ్చు. పై బీపీ ఇంకా 150కి తగ్గకపోతే వైద్యుడు త్వరగా పనిచేసే మందు ఇస్తాడు. ఆ మందు రక్తనాళాలను వదులు చేసే నైట్రేటు అయితే, గత రెండు రోజుల్లో రోగి అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ వంటి మాత్ర వేసుకున్నాడేమో ముందే అడగాలి. నీ బిడియం నాకు తెలుసు కనుకే గట్టిగా చెబుతున్నాను: సిగ్గుపడి ఆ ప్రశ్న దాటవేశావంటే నిన్ను క్షమించను.

ఈ ప్రమాదం సాధారణంగా మొదటి రోజుల్లో రాదు. గాయమైన కొత్తలో స్పైనల్ షాక్ వల్ల, అంటే గాయం కింది ప్రతిచర్యలు కొంతకాలం స్తంభించిపోవడం వల్ల, కాళ్ళు మెత్తగా వాలిపోయి ఉంటాయి. వారాలు గడిచాక ప్రతిచర్యలు తిరిగివచ్చి కాలు తనంతట తానే ఎగిరిపడుతుంది. అది చూసి తల్లి పరుగెత్తుకొచ్చి, కాలు కదిలిందమ్మా అని నీ చెయ్యి పట్టుకుంటుంది. నడుస్తాడని చెప్పకు; ఎప్పటికీ నడవడనీ చెప్పకు. అనుకున్నప్పుడు బొటనవేలు కదులుతోందా, మలద్వారం చుట్టూ స్పర్శ ఉందా అన్నవి పరీక్షించాకే ఏ మాటైనా చెప్పగలం. ఆ మాట వైద్యుడు చెప్పేదాకా, ఆమె పక్కన కాసేపు కూర్చో తల్లీ, అది కూడా నీ పనే.

అంత బాగా చదివిన పిల్ల మలమూత్రాలు ఎత్తే వార్డుకే ఎందుకు వెళ్ళాలని మీ నాన్న బాధపడ్డాడు. ఒకప్పుడు వెన్నుపాము దెబ్బతిన్నవారిలో చాలామంది మూత్రపు ఇన్ఫెక్షన్లతోనూ పడక పుండ్లతోనూ చనిపోయేవారు. నాజీ జర్మనీ నుంచి తప్పించుకుని ఇంగ్లండు చేరిన వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్ 1944లో అక్కడి స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో అలాంటివారి కోసం ప్రత్యేక విభాగం నడపడం మొదలుపెట్టాడు. పక్కలు మార్పించాడు, మూత్రాశయాన్ని జాగ్రత్తగా చూపించాడు, వారి చేత పని చేయించాడు, ఆటలు ఆడించాడు. 1948లో అక్కడ 16 మంది విలువిద్య పోటీకి దిగారు. నేటి పారాలింపిక్స్ అలా మొదలయ్యాయి. మీ నాన్నకు ఇది నేనే చెబుతాను, నువ్వు వాదనకు దిగకు.

ఎర్రగీత గీసిన ప్రతి రోగికీ ఇంటికి వెళ్ళేముందు ఒక కార్డు రాసి ఇవ్వు. గాయం ఏ స్థాయిలో ఉందో, మామూలు బీపీ ఎంతో, తలనొప్పి వస్తే ఏమేం చెయ్యాలో అందులో ఉండాలి. వేరే ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఆ కాగితమే అతడి తరఫున మాట్లాడుతుంది.

ఇక నీ నడుము సంగతి. ఎంత తేలికైన మనిషినైనా ఒంటరిగా ఎత్తకు. మంచం ఎత్తు నీ నడుముకు సరిపోయేలా చేసుకుని, జారుడు పలక వాడి, తోడు పిలిచి మార్చు. చిన్నప్పటి నుంచీ ఎవరినీ సాయం అడగని అలవాటు నీది. అక్కడ అడగాలి. చేరిన రోజు రాత్రి ఎంత ఆలస్యమైనా సరే నాకు ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

ఇట్లు,
నీ అత్త