క్రూయిజ్ బిల్లులో టిప్ వాళ్లే ఎందుకు కలిపేస్తారు? సిబ్బందికి జీతం ఉండదా?

జీతం ఉంటుంది, కానీ అమెరికా నుంచి బయల్దేరే పెద్ద క్రూయిజ్ షిప్పుల్లో గదులు సర్దేవాళ్ల, భోజనం వడ్డించేవాళ్ల సంపాదనలో పెద్ద భాగం టిప్పులదే కాబట్టి, రోజుకు ఇంత అని మన ఖాతాలో రాసేస్తారు.

మనం అమెరికాలోని మయామీ రేవులో ఎక్కినా, ఓడ వెనక ఎగిరే జెండా చాలాసార్లు బహామాస్‌దో పనామాదో అయి ఉంటుంది. ఓడ ఎక్కడ రిజిస్టరైతే సిబ్బందికి ప్రధానంగా ఆ దేశం చట్టమే. అమెరికా కనీస వేతనం వర్తించదు. అందుకే మూల జీతం తక్కువ. పక్క సర్ది, తువ్వాలును ఏనుగు బొమ్మలా మడిచిపెట్టే మనిషికి నెలల తరబడి వారానికి ఏడు రోజులూ పనే. ఈ డబ్బు టికెట్ ధరలోనే ఉండాలని నా అభిప్రాయం.

ఉదాహరణకు, మనిషికి రోజుకు 16 డాలర్లయితే భార్యాభర్తలకు 7 రాత్రులకు 224 డాలర్లు. బార్‌లో సర్వీస్ ఛార్జి వేరే.

"బిల్లులో కలిపిన టిప్ తీసేయించి, గది సర్దే అబ్బాయి చేతికే ఇస్తే మేలు కదా" అని చాలామంది పొరబడతారు. చాలా కంపెనీల్లో కౌంటర్‌లో అడిగితే తగ్గిస్తారు, నిజమే. కానీ అందులో కంటికి కనపడకుండా పనిచేసేవాళ్ల వాటా కూడా ఉంటుంది. అబ్బాయికి ఇవ్వాలనిపిస్తే దాని పైన ఇవ్వండి.