అల్లుడూ, ముందు వాళ్ల బాక్సుని వార్డులో పెట్టించు

అల్లుడూ,

మీ ఆసుపత్రి వైఫై మొత్తం మార్చే పని నీ మీద పడిందని మీ అమ్మ చెప్పింది. టెన్షన్‌తో సరిగ్గా తినడం కూడా లేదట. ముందు తిను, తర్వాత ఇది చదువు.

ఆ మూడు కొటేషన్లూ పక్కన పెట్టు. ఒక్కో కంపెనీనీ నాలుగైదు యాక్సెస్ పాయింట్లు, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే బాక్సులు, పది రోజుల పాటు ట్రయల్‌కి ఇమ్మను. రిసెప్షన్‌లో పెడతామంటారు. ఒప్పుకోకు. అక్కడ ఏ బాక్సైనా బాగానే పనిచేస్తుంది. పెళ్లిచూపుల్లో అందరూ నెమ్మదస్తులే. ఎక్స్‌రే గది పక్కన పెట్టించు, ఆ గోడల్లోని సీసం సిగ్నల్‌ని మింగేస్తుంది. లిఫ్టు దగ్గరా, ఐసీయూలోనూ పెట్టించు.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. వైఫై 6 అనే కొత్త తరం వైఫై వచ్చిన రోజుల్లో డేటాషీటూ, ఎల్1 ధరా (అందరిలోకీ తక్కువ కోట్ చేసినది) చూసి ఆర్డర్ ఇచ్చేశాను. ఆదివారం రాత్రి మార్చాం. సోమవారం పొద్దున సగం పాత ల్యాప్‌టాప్‌లలో మా నెట్‌వర్క్ పేరే కనిపించలేదు. సిగ్నల్ తక్కువై కాదు, అసలు పేరే లేదు! వాటి వైఫై కార్డుల డ్రైవర్లు పాతవి, కొత్త యాక్సెస్ పాయింట్ పంపేది వాటికి అర్థం కాలేదు. డ్రైవర్ మారిస్తే పోయేదే. కానీ వార్డు వార్డూ తిరిగి మార్చడానికి మూడు రోజులు పట్టింది. అన్నాళ్లూ నర్సులు కాగితాల మీద రాసుకున్నారు. హెడ్ నర్సు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

అందుకని మీ దగ్గరున్న పాత సామానంతా, బార్‌కోడ్ స్కానర్లు, ఇన్ఫ్యూజన్ పంపులు, ప్రింటర్లు, ట్రయల్‌లో కలిపి చూడు. వీటిలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ అనే పాత వైఫై బ్యాండే దిక్కు, అందులో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. వైఫై మీద కాల్ మాట్లాడుతూ కారిడార్ ఈ చివర నుంచి ఆ చివరకి నడువు. ఒక యాక్సెస్ పాయింట్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు మాట తెగితే అక్కడే పట్టుకో.

6 గిగాహెర్ట్జ్ అనే కొత్త బ్యాండ్ గురించి గొప్పలు చెబుతారు. అమెరికా 2020లో అందులో 1200 మెగాహెర్ట్జ్ వైఫైకి తెరిచింది. మన టెలికాం శాఖ 2025 మేలో ఇచ్చిన ముసాయిదా అందులో కింది 500 మెగాహెర్ట్జ్ వరకే. బ్రోచర్‌లో ఉన్నది అమెరికా వేగమా, మన దగ్గర వచ్చేదా అడుగు.

ధర సంగతి. యాక్సెస్ పాయింట్ రేటు కాదు, ఐదేళ్ల లైసెన్స్ కలిపి చూడు. లైసెన్స్ అయిపోయిన మర్నాడు వైఫై నడుస్తుందా, ఆగిపోతుందా? జవాబు రాతలో తీసుకో. నీ పీఓఈ స్విచ్‌లు (నెట్‌వర్క్ తీగలోంచే బాక్సులకి కరెంటిచ్చేవి) పోర్టుకి 30 వాట్లే ఇస్తే కొత్త బాక్సులకి చాలుతుందో లేదో కూడా అడుగు. స్విచ్‌ల ఖర్చు ఏ కొటేషన్‌లోనూ కనిపించదు.

కంపెనీ పేరు చూసి మురిసిపోకు. వైఫై బాక్సులు చేసే రకస్‌ని 2016లో బ్రోకేడ్ అనే కంపెనీ కొంది, మరుసటేడు ఆరిస్, 2019లో కామ్‌స్కోప్. అరూబా అనే వైఫై బ్రాండ్ ఉన్న హెచ్‌పీఈ 2025 జులైలో పోటీ కంపెనీ జునిపర్‌నీ కొనేసింది. బోర్డు మారినా నీ మోడల్‌కి సపోర్ట్ ఏ తేదీ దాకానో ముందే రాయించుకో. రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తేది ఎలాగూ ఆ కంపెనీ కాదు, మీ ఊళ్లో ఇన్‌స్టాల్ చేసినవాడు. వాడి పాత కస్టమర్లిద్దరితో నువ్వే మాట్లాడు.

ట్రయల్ రోజు నాకు ఫోన్ చెయ్యి. కారిడార్‌లో నేనూ నడుస్తాను, డాక్టర్ ఎలాగూ రోజూ నడవమన్నాడు.

మీ మామయ్య