300 గజాల్లో ఆకుకూరల వ్యాపారం: 8 లక్షలు పెట్టవచ్చా?

ప్రశ్న: ఉప్పల్‌లో మాకు 300 గజాల ఖాళీ స్థలం ఉంది. నా జీతం 62 వేలు, ఇంటి ఖర్చు 40 వేలు. బ్యాంకులో 12 లక్షల డిపాజిట్ ఉంది. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. 8 లక్షలతో హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీటితో చేసే సాగు) యూనిట్ పెడితే నెలకు 60 వేలు మిగులుతాయని దాన్ని అమర్చేవారు చెబుతున్నారు. ఉద్యోగం మానేసి ఇందులో దిగవచ్చా?

జవాబు: ఉద్యోగం మానకండి, 8 లక్షలూ పెట్టకండి. ఆకుకూరలు మాత్రం తప్పక వేయండి. మూసీ వెంట మురుగునీటితో పండే కూరల గురించి అందరూ ఆందోళన పడే ఈ నగరంలో, ఏ నీటితో పండిందో కళ్లారా చూసి కొనుక్కోగలిగే తోటకూరకు, పాలకూరకు గిరాకీ ఉంటుందన్న మీ నమ్మకంలో తప్పు లేదు. నాకు అభ్యంతరమల్లా ఆ 60 వేల లెక్క మీదే.

వారానికి 100 రూపాయల కూరలు తీసుకునే ఇళ్లు 150 దొరికాయనుకుందాం. అప్పుడు నెలకు వచ్చే 60 వేలు అమ్మకమే తప్ప లాభం కాదు. అందులో పనిమనిషికి 15 వేలు, ఇంటింటికీ చేర్చడానికి 10 వేలు, విత్తనాలు, పోషకాలు, ప్యాకింగ్‌కు 6 వేలు, నీటికి, కరెంటుకు 5 వేలు, వాడిపోయి పారేసే సరుకు కింద మరో 6 వేలు తీసేస్తే 18 వేలు మిగులుతాయి. 8 లక్షల సామగ్రి 5 ఏళ్లు మన్నితే నెలకు 13 వేల పైచిలుకు తరుగుదల. అదే సొమ్ము 7 శాతం వడ్డీకి డిపాజిట్‌లో ఉంటే నెలకు 4,600 వచ్చేవి. ఈ రెండూ కలిపి చూస్తే మీ శ్రమకు దక్కేది దాదాపు ఏమీ లేదు. ఇదంతా 150 ఇళ్లూ ఒక్క వారం కూడా మానకుండా కొన్నప్పటి మాట.

మీ 12 లక్షల్లో 6 నెలల ఇంటి ఖర్చుకు రెండున్నర లక్షలు, అమ్మాయి నాలుగేళ్ల ఇంజినీరింగ్ ఫీజుకు 6 లక్షలు పక్కన పెట్టండి. మిగిలిన మూడున్నర లక్షల్లోంచి లక్షన్నర మించకుండా తీసి, షేడ్ నెట్, డ్రిప్ పైపులు, పశువుల ఎరువుతో మట్టి మళ్లు వేయండి. దిగుబడి బహుశా 70 ఇళ్లకే సరిపోతుంది. అన్ని ఖర్చులూ పోను నెలకు నాలుగైదు వేలు మిగిలితే మొదటి ఏడాదికి అది మంచి ఫలితమేనని నా అభిప్రాయం. ముద్ర పథకంలో కిశోర్ విభాగం కింద 5 లక్షల దాకా అప్పు దొరకవచ్చు గానీ, కూరలు కొనే ఇళ్లు ఖాయం కాకముందే వాయిదాలు మొదలుపెట్టుకోవద్దు.

నీటి గురించి ప్రత్యేకంగా హెచ్చరించాలి. నగరంలో నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీరు ఇంటి అవసరాలకు ఇచ్చేది, దాన్ని వ్యాపారపు లెక్కలోకి తీసుకోకండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటి బోరు తగ్గినప్పుడు ట్యాంకరు కొనవలసి వస్తుంది. కొత్తిమీరకు మంచి ధర పలికేదీ, మడిలో అది నిలవనిదీ అప్పుడే.

నేలలో పండించిన పంటపై ఆదాయపు పన్ను ఉండదు. కానీ అది ఏడాదికి 5 వేలు దాటితే, మీ జీతానికి వర్తించే పన్ను రేటును లెక్కించేటప్పుడు దాన్నీ కలుపుతారు. మట్టి లేని సాగు విషయంలో వివాదాలు వస్తుంటాయి. నేలలో కాక ట్రేలలో పెంచిన పుట్టగొడుగుల ఆదాయం కూడా వ్యవసాయ ఆదాయమేనని 2018లో హైదరాబాద్ ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ ప్రత్యేక ధర్మాసనం తేల్చవలసి వచ్చింది. కాబట్టి ప్రతి కట్ట అమ్మకాన్నీ మొదటి రోజు నుంచే పుస్తకంలో రాయండి.

ముందుగా మీ కాలనీలో, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో కనీసం 30 ఇళ్ల దగ్గర నెల సొమ్ము ముందే తీసుకోండి. అన్ని ఇళ్లు ముందుకు రాకపోతే షేడ్ నెట్ కూడా కొనకండి. 12 నెలల తర్వాత, వేసవి నష్టాలతో సహా ఆ పుస్తకం చూసి, వరుసగా 6 నెలలు 15 వేలకు పైగా మిగిలి ఉంటే అప్పుడు హైడ్రోపోనిక్స్ గురించి మళ్లీ రాయండి.