ఒంటరిగా ఎడారి లోయల్లో దిగే ముందు

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు ఆశీస్సులు.

అక్టోబరులో అమెరికాలోని యూటా రాష్ట్రపు దక్షిణ భాగంలో ఉన్న ఎడారి లోయల్లో ఒక్కదానివే నాలుగు రోజులు నడవాలనుకుంటున్నావని మీ నాయన ఫోన్ చేసి చెప్పాడు. నిన్ను వద్దనమని నన్ను అడిగాడు గాని నేను ఒప్పుకోలేదు. అరిజోనాలో ఉద్యోగం చేసిన కాలంలో ఆ ఎర్రరాతి గోడల మధ్య ఒంటరిగా తిరిగినవాణ్ని కనుక ఆ ఆనందం నాకు తెలుసు. అయితే వెంట మనిషి ఉంటే ఇక చాలు, వెనక్కి పోదామంటాడు. కాలు విరిగితే పరుగున వెళ్లి నలుగురినీ పిలుచుకొస్తాడు. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఆ పనులను ఇల్లు కదలకముందే చేసి పెట్టుకోవాలి.

ఏ దారిన దిగుతావో, ఎక్కడ పైకి వస్తావో, కారు ఎక్కడ ఆపుతావో, ఏ గంటలోగా ఫోన్ చేస్తావో కాగితం మీద రాసి నీ స్నేహితురాలికి ఇచ్చి వెళ్లు. యూటాలో తప్పిపోయినవాళ్లను వెదికించే బాధ్యత ఆ కౌంటీ (అక్కడి జిల్లా) పోలీసు అధికారి షెరిఫ్‌ది కాబట్టి ఆ నంబరు కూడా రాయి. 2003 ఏప్రిల్‌లో యూటాలోని బ్లూజాన్ కాన్యన్ అనే ఇరుకు లోయలో కదిలిన బండకు చేయి చిక్కుకున్న ఆరన్ రాల్‌స్టన్ అనే పర్వతారోహకుడు ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు. 127 గంటల తర్వాత తన చేతిని తానే కోసుకుని బయటపడ్డాడు. శాటిలైట్ పరికరం తప్పక కొనుక్కో, కానీ ఆకాశం సన్నని గీతలా కనిపించే ఇరుకులో దాని సందేశం బయటికి పోకపోవచ్చు.

అన్నిటికన్నా నాకు భయం వరదంటేనే. మన దుందుభి వాగు ఇక్కడ ఎండ కాస్తుండగానే పైన పడిన వానకు పొంగి రావడం నువ్వు చిన్నప్పుడు చూశావు. అక్కడ నేల చాలావరకు బండే కాబట్టి నీరు ఇంకదు, గోడల మధ్య పక్కకు తప్పుకునే చోటూ ఉండదు. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని యాంటెలోప్ కాన్యన్‌లో, ఎగువన ఎక్కడో కురిసిన ఉరుముల వానకు 11 మంది కొట్టుకుపోయారు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఈ ముప్పు ఎక్కువ గనుక నువ్వు అక్టోబరు ఎంచుకున్నందుకు సంతోషం. అయినా ఆ లోయలోకి నీరు వచ్చి చేరే ప్రాంతమంతటికీ వాతావరణ సూచన చూడనిదే ఇరుకులోకి అడుగు పెట్టవద్దు. నీ తలకన్నా ఎత్తులో గోడల మధ్య ఇరుక్కున్న దుంగలు కనిపిస్తే వరద అంత ఎత్తున పారిందని అర్థం. ఎంత అలసినా వాగు ఇసుకలో మాత్రం పడుకోవద్దు.

తిరిగి ఎక్కలేని చోట దిగవద్దు, దూకవద్దు. తాడుతో దిగి ఆ తాడును కిందికి లాగేసుకునే లోయలను ఈసారికి పూర్తిగా విడిచిపెట్టు. నీడలోని మడుగులు ఒళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి కనుక పొడి బట్టలు ఒక జత తడవకుండా వేరుగా మూటగట్టుకో.

నీళ్లు రోజుకు నాలుగు లీటర్లకు తగ్గకూడదు. ఉప్పు లేకుండా నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం తగ్గి మనిషి తికమకపడతాడు కాబట్టి మీ అమ్మ పంపిన సకినాలు దగ్గర పెట్టుకుని నడుస్తూ తిను. పటంలో ఊట ఉన్నంత మాత్రాన అక్కడ నీరు ఉంటుందని నమ్మవద్దు. చేతిలోని నీళ్లు సగమయ్యేలోగా ఆ ఊట కంటికి కనబడకపోతే, ముందున్నది ఎంత అందమైన మలుపైనా సరే, వచ్చిన దారినే తిరిగి రా.

మీ పెద్దబాపు,
నాగర్‌కర్నూల్